సగటు చెప్పని వాన

వాన తగ్గిపోయిందా, ఎండ పెరిగిపోయిందా అన్న రెండు ప్రశ్నలు రాయలసీమలో ఏ రచ్చబండ దగ్గరైనా, ఏ విత్తనాల దుకాణం ముందరైనా వినబడేవే. రెండో ప్రశ్నకు సమాధానం సూటిగానే దొరుకుతుంది, ఎండ పెరిగింది. మొదటి ప్రశ్నకు మాత్రం అంత సూటి జవాబు లేదు. ఏడాది మొత్తం మీద కురిసిన వాన గురించి అడుగుతున్నారా, పైరుకు నిజంగా అందిన వాన గురించి అడుగుతున్నారా అన్నది ముందు తేల్చుకుంటే తప్ప ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కుదరదు. కురిసిన వాన వేరు, అందిన వాన వేరు. ఈ ప్రసంగంలో శ్రోతలు ప్రధానంగా గుర్తు పెట్టుకోవలసినది ఈ తేడానే.

ఉదాహరణకు ఉమ్మడి అనంతపురం జిల్లాను, అంటే 2022లో అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విడిపోయిన ప్రాంతాన్ని తీసుకోవచ్చు. ఇక్కడ ఏడాదికి కురిసే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఉండే నైరుతి రుతుపవనాల కాలంలో దాదాపు 338 మిల్లీమీటర్లు, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఉండే ఈశాన్య రుతుపవనాల కాలంలో దాదాపు 156 మిల్లీమీటర్లు కురుస్తుందని, మిగిలిన కొద్దిపాటి వానలో ఎక్కువ భాగం ఎండాకాలపు ఉరుముల జల్లులుగా వస్తుందని ప్రభుత్వ లెక్కలు చెబుతాయి. అరేబియా సముద్రం మీదుగా వచ్చే నైరుతి గాలి పడమటి కనుమలను ఎక్కేటప్పుడు తనలోని తేమను చాలావరకు అక్కడే కుమ్మరించి, ఇవతలికి దిగేసరికి పొడిబారిపోతుంది. కొండల వెనుక ఇలా వానకు చాటైపోయిన నేలను వర్షచ్ఛాయా ప్రాంతం అంటారు. బంగాళాఖాతం వైపు నుంచి వచ్చే ఈశాన్య రుతుపవనాలూ వాయుగుండాలూ తీర జిల్లాలను ముంచెత్తినా, ఇంత లోపలికి చేరేటప్పటికి వాటి బలమూ సన్నగిల్లుతుంది. రెండు వైపుల నుంచీ వాన రావలసిన చోటు రెండు వైపుల నుంచీ కొసరుకే నోచుకున్నదన్న మాట. పైగా జిల్లాలో అన్నిటికంటే ఎక్కువ వాన కురిసే నెల సెప్టెంబరు. జూలైలో విత్తిన వేరుశనగ అప్పటికి పూత దాటి, ఊడలు దిగి, కాయ ఊరే దశలో ఉంటుంది కనుక, జూలై, ఆగస్టు నెలల గండం గడిచిన పైరుకే సెప్టెంబరు వాన పనికివస్తుంది.

ఇంత తక్కువ వాన కురిసే చోట అది కూడా ఏటేటా తగ్గిపోతున్నదని అనుకోవడం సహజం. అయితే భారత వాతావరణ శాఖ శాస్త్రవేత్తలు గుహఠాకుర్తా, రాజీవన్ 1901 నుంచి 2003 వరకు నమోదైన వర్షపాతాన్ని దేశంలోని 36 వాతావరణ ఉపవిభాగాలకు విడివిడిగా పరిశీలించి, 2008లో ప్రచురించిన అధ్యయనంలో తేలినది వేరు. ఉపవిభాగం అంటే వాతావరణం దాదాపు ఒకే తీరుగా ఉండే జిల్లాలను కలిపి వాతావరణ శాఖ గీసుకున్న హద్దు. రాయలసీమ అలాంటిదొకటి, కోస్తాంధ్ర మరొకటి, తెలంగాణ ఇంకొకటి. ఈ అధ్యయనం ప్రకారం ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, కేరళ ఉపవిభాగాల్లో నైరుతి కాలపు వాన స్పష్టంగా తగ్గగా, స్పష్టంగా పెరిగిన ఎనిమిది ఉపవిభాగాల్లో రాయలసీమ, కోస్తాంధ్ర రెండూ ఉన్నాయి. కరవు సీమగా పేరుపడ్డ చోట నూరేళ్ళలో వాన పెరిగిందంటే శ్రోతల్లో చాలామందికి నమ్మబుద్ధి కాకపోవచ్చు. ఆ లెక్కలో తప్పు లేదు, రైతు చెప్పే మాటలోనూ తప్పు లేదు. లెక్క చెప్పేది కురిసిన వాన గురించి, రైతు చెప్పేది అందిన వాన గురించి.

ఇక్కడ సాధారణ వర్షపాతం అన్న మాటను కొంచెం విప్పి చూడవలసి ఉంది. వాతావరణ శాఖ యాభై ఏళ్ళ వర్షపాతానికి సగటు తీసి, దానిని దీర్ఘకాలిక సగటు అని పిలుస్తుంది. నైరుతి కాలానికి దేశం మొత్తం మీద ఈ సగటు 1951–2000 కాలానికి సుమారు 89 సెంటీమీటర్లుగా ఉండేది. 1961–2010 కాలానికి అది 88 సెంటీమీటర్లయింది. 2022 నుంచి వాడుకలో ఉన్న 1971–2020 సగటు 87 సెంటీమీటర్లు. అంటే ఏ గీతను ఆధారం చేసుకుని వాన ఎక్కువ తక్కువలు నిర్ణయిస్తున్నారో ఆ గీత కూడా కిందికి జరుగుతూ వస్తున్నది. ఇక ఒక జిల్లాలో కురిసిన వాన సగటుకు 19 శాతం తక్కువైనా, 19 శాతం ఎక్కువైనా దానిని సాధారణం అనే అంటారు. ఈ కొలబద్దను అనంతపురానికి వర్తింపజేస్తే, నైరుతి కాలంలో 274 మిల్లీమీటర్లు కురిసినా సాధారణమే, 402 మిల్లీమీటర్లు కురిసినా సాధారణమే. మెట్ట సేద్యంలో ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉందో రైతులకు వేరే చెప్పనక్కరలేదు. సగటు అనేది కార్యాలయాల సౌకర్యం కోసం పుట్టిన అంకె; జిల్లాను జిల్లాతో పోల్చడానికి, నిధులు కేటాయించడానికి అది అక్కరకు వస్తుంది. దానిని చూసి గొర్రు కట్టినవారు ఎవరూ ఉండరు.

వంటింటి సంగతి ఒకటి చెబితే ఇది తేలికగా బోధపడుతుంది. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల ఎసరు కావాలనుకుందాం. మొదటి గ్లాసు నీళ్ళు ఒక్కసారిగా గుమ్మరించి, పెద్ద మంట పెడితే పొంగి సగం పొయ్యిపాలవుతాయి. తరువాత చాలాసేపు చూడక వదిలేస్తే అన్నం అడుగంటుతుంది. మాడిన వాసన వచ్చాక రెండో గ్లాసు పోస్తే, లెక్క ప్రకారం రెండు గ్లాసులూ పడ్డట్టే. ఎసరుకు లోటు లేదని వాదించవచ్చు కూడా. తినడానికి మాత్రం అన్నం ఉండదు. వానాకాలంలో పొలానికి జరుగుతున్నది సరిగ్గా ఇదే: ఒకేసారి కుమ్మరించిన వాన వంకల పాలవుతున్నది, నడుమ రోజుల తరబడి బెట్ట పడుతున్నది, పైరు వాడిపోయాక మళ్ళీ కుండపోత కురుస్తున్నది.

వానల తీరు ఇలా మారడం కేవలం రైతుల అనుభవం కాదు, అంకెలు కూడా దీనికి సాక్ష్యం చెబుతాయి. శాస్త్రవేత్త బి.ఎన్. గోస్వామి బృందం మధ్య భారతంలో 1951 నుంచి 2000 వరకు రోజువారీ వర్షపాతాన్ని పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, అతి భారీ వానలు పెరిగాయని, మధ్యస్థమైన వానలు తగ్గాయని, ఈ రెండూ ఒకదానికొకటి చెల్లు కావడం వల్ల కాలం మొత్తపు సగటులో మార్పు కనిపించలేదని తేల్చింది. శ్రోతలు ఈ చివరి మాటను ప్రత్యేకంగా గమనించాలి. సగటు మారలేదు, వాన మారింది. రెండు మూడు రోజులు ముసురు పట్టి నేలను తడిపే వాన, అంటే నిజంగా పైరుకు అందే వాన తగ్గి, గంటల్లో కురిసి గట్లు తెంచే వాన పెరిగింది. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో వెలువరించిన అంచనా నివేదిక కూడా, 1950–2015 కాలంలో మధ్య భారతంలో రోజుకు 150 మిల్లీమీటర్లు మించిన వానల సంఖ్య దాదాపు 75 శాతం పెరిగిందని చెప్పింది.

తెలుగు నేల మీద దీనికి నిదర్శనాలు వెతుక్కోనక్కరలేదు. 2009లో దేశం మొత్తం మీద నైరుతి వాన సగటులో 78 శాతమే. 1972 తరువాత అంతటి లోటు అదే. ఆ ఏడాది వానాకాలం చాలావరకు మబ్బుల కోసం ఎదురుచూడడంతోనే సరిపోయింది. ఆ కరవు లెక్కలు ఇంకా పూర్తి కాకముందే, అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలు పట్టణాన్ని ముంచెత్తాయి. శ్రీశైలం జలాశయాన్ని 19 లక్షల క్యూసెక్కుల వరదను తట్టుకునేలా కట్టగా, అప్పుడు వచ్చిన ప్రవాహం 25 లక్షలు దాటింది. ఒకే ఏట కరవూ వరదా పక్కపక్కనే వచ్చాయి. 2023 మరో ఉదాహరణ. ఆ ఏడాది జూలై చివరి వారంలో తెలంగాణలోని ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. అనంతపురంలో ఏడాది పొడుగునా కురిసే సగటు వాన కంటే అది దాదాపు వంద మిల్లీమీటర్లు ఎక్కువ. దాని వెనకే వచ్చిన ఆగస్టులో దేశంలో సగటు కంటే 36 శాతం తక్కువ వాన కురిసింది; 1901 నుంచి ఉన్న రికార్డుల్లో అంత పొడి ఆగస్టు మరొకటి లేదు. జూలైనీ ఆగస్టునూ కలిపి సగటు తీస్తే వరదా కనబడదు, బెట్టా కనబడదు.

ఇప్పుడు ఎండ సంగతికి రావాలి, ఎందుకంటే వాన తీరు మారడానికి మూలం చాలావరకు అక్కడే ఉంది. 1901 నుంచి 2018 వరకు దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. 1901 నుంచి ఉన్న రికార్డుల్లో అత్యంత వేడి సంవత్సరం 2024. ఆ ఏటి సగటు ఉష్ణోగ్రత 1991–2020 సగటు కంటే 0.65 డిగ్రీలు ఎక్కువ. వాన లెక్కలో ఏటికీ ఏటికీ ఒడిదుడుకులు ఎక్కువ కనుక, దాని ధోరణిని, అంటే దీర్ఘకాలంలో అది ఎటు నడుస్తున్నదన్న సంగతిని, పట్టుకోవడానికి దశాబ్దాల లెక్కలు కావాలి. ఉష్ణోగ్రతలో ఆ ఒడిదుడుకులు తక్కువ, పైగా దేశంలోని కేంద్రాలు చాలావరకు ఒకే దిశలో కదులుతాయి కనుక ధోరణి తేటగా కనబడుతుంది.

రోహిణి కార్తెలో 42, 43 డిగ్రీలు చూసినవారికి నూరేళ్ళకు పైగా కాలంలో పెరిగిన ఈ 0.7 డిగ్రీ ఒక లెక్కలోది అనిపించకపోవచ్చు. అయితే గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టి ఉంచుకోగల నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. దీనివల్ల రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. వాన లేని రోజుల్లో వేడి గాలి నేలలోని తడిని, ఆకుల్లోని తడిని మరింత వేగంగా లాగేస్తుంది. వాన కురిసే రోజున, ఎక్కువ ఆవిరిని మోస్తున్న అదే గాలి ఒక్కపెట్టున ఎక్కువ నీటిని విడిచిపెడుతుంది. బెట్ట కాలంలో నేల త్వరగా ఎండడానికీ, కురిసిననాడు వంకలు పొంగడానికీ కారణం ఈ విధంగా ఒక్కటే అవుతున్నది. ఎండ పెరిగిందన్న మాట, వాన తీరు మారిందన్న మాట రెండు వేర్వేరు ఫిర్యాదుల్లా వినిపిస్తాయి గానీ అవి రెండూ ఒకే కథకు రెండు కొసలు.

పగటి ఎండ అందరికీ తెలుస్తుంది. రాత్రి వేడి మాత్రం లెక్కల్లోకి ఆలస్యంగా వచ్చింది. పైరు పగలు ఎండలో తయారు చేసుకున్న ఆహారంలో కొంత రాత్రిపూట శ్వాసక్రియకు ఖర్చవుతుంది. రాత్రి వేడిగా ఉంటే ఆ ఖర్చు పెరిగి, గింజకు చేరేది తగ్గుతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ క్షేత్రంలో 1992 నుంచి 2003 వరకు జరిగిన ప్రయోగాల లెక్కలను పరిశీలించినప్పుడు, అక్కడి పొడి రుతువులో రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే వరి దిగుబడి సుమారు 10 శాతం తగ్గినట్టు తేలింది. కాలువల కింద దాళ్వా వరి వేసేవారు ఈ మాటను చెవిన వేసుకోవడం మంచిది. వేరుశనగలో పగటి ఎండ పూత మీద దెబ్బ కొడుతుంది. పూత సమయంలో ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు మించితే పుప్పొడి సత్తువ తగ్గి, ఊడలు పలచబడతాయి. చేను పచ్చగా, నిండుగా కనబడినా పీకి చూస్తే కాయలు తక్కువగా ఉండడానికి ఇదొక కారణం.

ఇక కురిసిన వానను పైరు దాకా చేర్చేది నేల. అనంతపురం వేరుశనగ చేలల్లో ఎక్కువ భాగం ఎర్రనేలలే; చాలాచోట్ల వాటి లోతు తక్కువ, కింద గట్టి పొరో రాయో తగులుతుంది. అలాంటి నేల తక్కువ నీటినే దాచుకోగలదు కనుక రెండు వారాలు వాన మొహం చాటేస్తే పైరు తల వాల్చేస్తుంది. నల్లరేగడి నేల దీనికంటే ఎక్కువ రోజులు ఓర్చుకుంటుంది. నంద్యాల వైపు రేగడి చేలల్లో వానాకాలం చివర విత్తిన శనగ, నేలలో మిగిలిన తేమతోనే పంటకు రావడం అందుకే. ఎర్రనేలకు మరో ఇబ్బంది ఉంది. పెద్ద చినుకుల వాన కొట్టి, వెంటనే ఎండ కాస్తే పైపొర పెచ్చు కట్టి గట్టిపడుతుంది. ఆ తరువాత కురిసే వాన లోపలికి ఇంకక పల్లానికి పరుగు తీస్తుంది. వాలుకు అడ్డంగా దున్నడం, కొన్ని సాళ్ళకొకటి చొప్పున గొడ్డుచాలు తీసి నీటిని అక్కడే నిలబెట్టడం, పొలంలో పల్లపు మూల కుంట తవ్వి పారే నీటిని ఆపి బెట్టనాడు ఒక్క తడి ఇవ్వడం వంటి పనులను పరిశోధన కేంద్రాలు ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నాయి. ఇవి కురిసే వానను ఒక్క చుక్క కూడా పెంచవు. అందే వానను పెంచుతాయి.

అందిన వానను బట్టి ఆలోచించడం తెలుగు రైతుకు కొత్త కాదు. మృగశిర, ఆరుద్ర, పునర్వసు, పుష్యమి అంటూ సాగే కార్తెల లెక్క వానాకాలాన్ని పదమూడు, పద్నాలుగు రోజుల ముక్కలుగా విడదీస్తుంది. ఏ కార్తెలో వాన పడింది, ఏ కార్తె వట్టిపోయింది అని చెప్పుకోవడంలో పంపిణీ లెక్క దానంతట అదే ఇమిడి ఉంది. నెలకొక అంకె, ఏడాదికొక అంకె ఇచ్చే ప్రభుత్వ పట్టిక కంటే సేద్యానికి ఇదే దగ్గర. ఫలానా కార్తెలో వాన తప్పదని పాతకాలపు సామెతలు ఇచ్చిన భరోసాను మాత్రం ఈనాటి వానలు అంతగా నిలబెట్టడం లేదు. అందుచేత కార్తెల చట్రాన్ని ఉంచుకుని, అందులో నమ్మకానికి బదులు కొలతను పెట్టుకోవడం మేలు.

ఈ కొలత పని ఊళ్ళలో జరిగిన దాఖలా ఉంది. 2000ల దశకంలో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో, రైతులే భూగర్భజలాలను చూసుకునే పథకం ఒకటి అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో నడిచింది. రైతులు, వారిలో మహిళలు కూడా, వానను కొలిచి, బోర్లలో నీటి మట్టం కొలిచి, ఆ అంకెలను ఊళ్ళో గోడ మీద అందరికీ కనబడేలా రాశారు. పంట వేయకముందే ఊరంతా కూర్చుని నీటి జమాఖర్చు చూసుకున్నారు. పెద్ద చదువులు లేనివారు కూడా మిల్లీమీటర్లలో మాట్లాడగలరని ఆ పని రుజువు చేసింది.

మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీరు. ఎకరానికి సుమారు 4,000 లీటర్లు. ఇరవై మిల్లీమీటర్ల వాన కురిస్తే ఎకరం మీద 80,000 లీటర్లు పడ్డట్టు. ట్యాంకరు నీళ్ళు కొన్నవారికి ఆ విలువ ఎంతో తెలుసు. వానను కొలవడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. అంచు నుంచి అడుగు దాకా ఒకే వెడల్పుతో నిటారుగా ఉన్న డబ్బాను, చెట్టుకూ గోడకూ దూరంగా, ఒరగకుండా నిలబెట్టి, అందులో చేరిన నీటి లోతును స్కేలుతో చూస్తే చాలు. కింద సన్నగా, పైన వెడల్పుగా ఉండే బకెట్టు, చెంబు దీనికి పనికిరావు, లెక్క తప్పుతుంది. వాతావరణ శాఖ ఉదయం ఎనిమిదిన్నరకు కొలుస్తుంది కనుక ఊళ్ళోనూ అదే వేళకు కొలిస్తే మండల కేంద్రం అంకెతో పోల్చుకోవచ్చు. ఊరికి ఒక పక్క దంచి కొట్టిన వాన మరో పక్క చినుకైనా రాల్చకపోవడం రాయలసీమలో మామూలే. వాతావరణ ఆధారిత పంటల బీమా మాత్రం మండలంలో ఎక్కడో ఒకచోట ఉన్న వానమాపకాన్ని నమ్ముకుని లెక్క కడుతుంది. రైతు తన కొలతలను రోజూ రాసుకునే సొంత పుస్తకం బీమాకు చట్టపరమైన సాక్ష్యం కాకపోయినా, ఆ తేడాను అధికారుల ముందు తేదీలతో సహా చూపడానికి పనికివస్తుంది.

పుస్తకం రాసేటప్పుడు ఎక్కువమంది చేసే పొరపాటు, వాన పడిన రోజులనే రాసి మిగిలిన గడులను వదిలేయడం. వాన పడని రోజు గడిలో సున్నా తప్పకుండా రాయాలి. ఖాళీ గడిని చూసి వాన పడలేదనుకోవాలో, కొలవడం మరిచారనుకోవాలో ఆరు నెలల తరువాత ఎవరికీ తెలియదు. వాతావరణ శాఖ లెక్కలో వాన రోజు అనిపించుకోవడానికి కనీసం 2.5 మిల్లీమీటర్లు కురవాలి కాబట్టి, అంతకు తక్కువ పడిన జల్లును కొలిచి రాసినా, బెట్ట రోజులు ఎంచేటప్పుడు దానినీ సున్నా కిందే జమ కట్టాలి. అలా సున్నాలు వరుసగా ఎన్ని వచ్చాయో, ఆ వరుస విత్తిన ఎన్నో రోజున మొదలైందో పక్కన రాసుకుంటే, పూతకు తగిలిన బెట్ట ఏదో, ఊడలు దిగేటప్పుడు తగిలిన బెట్ట ఏదో విడివిడిగా తెలుస్తుంది. నాలుగైదు ఏళ్ళ పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఆ సున్నాల వరుస ప్రతిసారీ ఆగస్టులోనే పడుతున్నట్టు కనబడితే, తక్కువ కాలంలో పంటకొచ్చే రకానికి మారాలా, విత్తే తేదీని జరపాలా, చేనులో కొంత భాగానికి కంది, కొర్ర, జొన్న వేసి, వాన మరీ ఆలస్యమైన ఏడాది ఉలవలతో సరిపెట్టుకోవాలా అన్నది ఆ ఊరి రైతులు తమ నేలను బట్టి, తమ అంకెలను బట్టి నిర్ణయించుకోవచ్చు.